ఐపీ ఆర్డరు వచ్చాక బ్యాంకు ఖాతాలు, చార్జీలు ఏం చేయాలి? గుణుపురం మిత్రుడికి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒడిశా గుణుపురంలో బట్టల కొట్టు నడిపారు, దెబ్బతిన్నారు, ఐపీ, అంటే దివాలా పిటిషన్ పెట్టారు, కోర్టు దివాలా ఆర్డరు ఇచ్చింది. ఇప్పుడు పాత సేవింగ్స్ ఖాతాలో పడిన రూపాయి పడినట్టే చార్జీల కింద పోతోంది, మిగిలింది తీయబోతే హోల్డ్ అంటున్నారు. కొత్త ఖాతా తెరవచ్చా, తెరిస్తే కోర్టులో తప్పవుతుందా, పాత చార్జీలు ఎవరు కట్టాలి, మా ఆవిడ ఖాతా జోలికి వస్తారా అని అడిగారు.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం రాయగడ, గజపతి జిల్లాల బ్రాంచీల్లోనే గడిచింది. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లకి అర్జీలు రాసిపెడుతుంటాను. లాయర్ని కాను, కోర్టు సంగతులు మీ వకీలుతో ఒకసారి సరిచూసుకోండి. బ్యాంకు కౌంటరు అవతల ఏం జరుగుతుందో మాత్రం నాకు బాగా తెలుసు.

ముందు సూటిగా జవాబు. కొత్త ఖాతా తెరవచ్చు, అది తప్పు కాదు. అప్పు లేని బ్యాంకులో తెరవండి, తెరిచిన సంగతి రిసీవరుకి, అంటే మీ ఆస్తి చూసేందుకు కోర్టు పెట్టిన మనిషికి, రాతపూర్వకంగా చెప్పండి. దాచి తెరిస్తేనే తప్పు. పాత అప్పుల తాలూకు చార్జీలు మీ జేబులోంచి విడిగా కట్టనక్కర్లేదు, అవి కూడా కోర్టు దగ్గరున్న అప్పుల జాబితాలోకి వెళ్లాల్సినవే. మీ ఆవిడ ఎక్కడా సంతకం పెట్టకపోతే ఆవిడ ఖాతా జోలికి రాలేరు. హామీ సంతకం ఉంటే మాత్రం వస్తారు.

మీ కేసు ఏ చట్టం కింద ఉందో తెలియాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దివాలా అని వెతికితే అంతా 2016 నాటి కొత్త కోడ్ గురించే వస్తుంది. ఆ కోడ్‌లో వ్యక్తుల భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే అమల్లోకి తెచ్చారు. మీలాంటి చిల్లర వ్యాపారికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. కాబట్టి ట్రిబ్యునల్, నూట ఎనభై రోజుల మారటోరియం అని ఎవరైనా చెబితే అది మీ కేసుకి వర్తించదు.

ఈ పాత చట్టంలో మీకు పనికొచ్చేది 28వ సెక్షను. ఆర్డరు వచ్చిన క్షణం నుంచి మీ ఆస్తి కోర్టుకి గానీ రిసీవరుకి గానీ చెందుతుంది. బ్యాంకు ఖాతాలో నిల్వ కూడా ఆస్తే. కోర్టు అనుమతి లేకుండా, తాకట్టు ఉన్నవాడు తప్ప, ఏ అప్పులవాడూ మీ మీద, మీ ఆస్తి మీద చర్య తీసుకోకూడదు. ఇంకో మెలిక ఉంది, ఆర్డరు ప్రభావం పిటిషన్ దాఖలు చేసిన రోజు నుంచే లెక్క. అందుకని పాస్‌బుక్ తీసుకుని, ఎంట్రీలు వేయించి, రెండు చోట్ల పెన్సిల్‌తో గీత గీయండి. ఒకటి పిటిషన్ తేదీ దగ్గర, ఇంకోటి ఆర్డరు తేదీ దగ్గర. ఆర్డరు గీతకి పైనున్న నిల్వ మీద బ్యాంకుకి సర్దుబాటు వాదన ఉంటుంది. మీరు బాకీ, బ్యాంకు దగ్గర మీ డబ్బు, రెండూ చెల్లుకు చెల్లు వేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. గీత కింద, అంటే ఆర్డరు తర్వాత పడిన కూలి, పింఛను, జీతం లాంటివి బ్యాంకు తనంత తాను పాత అప్పుకి జమ వేసుకోకూడదు. మేనేజరు దగ్గర "నా డబ్బు నాకివ్వండి" అంటే పని జరగదు. "ఈ తేదీ తర్వాత జమలు ఇవి, ఏ అధికారంతో పట్టుకున్నారో రాసివ్వండి" అంటే ఫైలు కదులుతుంది.

ఇక హోల్డ్ సంగతి. దివాలా నోటీసు అందగానే ఖాతా లావాదేవీలు ఆపడం బ్యాంకు చేయాల్సిన పనే, అందులో కక్ష ఏమీ లేదు. నేనైనా అదే చేసేవాణ్ని. మీ చేతికి డబ్బు ఇచ్చి, రేపు రిసీవరు అడిగితే ఆ మేనేజరు ఇరుక్కుంటాడు. కాబట్టి హోల్డ్ తీయమని మేనేజరుతో గొడవపడి లాభం లేదు. రిసీవరు నుంచి "ఈ ఖాతాలో ఇంత మొత్తం రుణగ్రస్తుని జీవనానికి విడుదల చేయవచ్చు" అని ఉత్తరం తేవాలి, ఆయన కుదరదంటే కోర్టులో చిన్న అర్జీ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం జప్తు చేయకూడనివి దివాలాలోనూ రిసీవరుకి పోవు. కూలీల వేతనం, ప్రభుత్వ పింఛను, ప్రావిడెంట్ ఫండ్, చేతిపని వాళ్ల పనిముట్లు ఇందులోకి వస్తాయి. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు కూడా. టైలరింగ్ మిషను మీ వృత్తి పనిముట్టయితే దాని గురించి భయపడకండి.

చార్జీల విషయానికి వస్తే, ఒక్కో చార్జీకి ఒక్కో కథ. అన్నిటినీ ఒకే గాటన కట్టి ఫిర్యాదు రాస్తే బ్యాంకు కూడా ఒకే ముక్కలో జవాబిచ్చి చేతులు దులుపుకుంటుంది.

మినిమం బ్యాలెన్స్ చార్జీ. రిజర్వ్ బ్యాంకు నియమాలు 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. నిల్వ తగ్గిందని ముందు మీకు తెలపాలి, సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలి, తగ్గినంత మేరకే లెక్కగట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ చార్జీ వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. మీ పాస్‌బుక్‌లో మైనస్ కనబడితే అది ఒక్కటే చాలు ఫిర్యాదుకి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో ఈ చార్జీనే ఎత్తేసింది, 2025లో మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులూ ఎత్తేశాయి. కాబట్టి ఏ బ్యాంకు, ఏ నెలలో వేసిన చార్జీ అన్నది చూడాలి. అయితే ఇదంతా సేవింగ్స్ ఖాతాకే. కొట్టు పేరు మీదున్న కరెంట్ ఖాతాకి ఈ రక్షణ లేదు, అక్కడ నెలనెలా చార్జీ పేరుకుపోతుంది. దాన్ని ఊరికే వదిలేయకుండా రిసీవరు చేత మూయించండి.

ఈఎంఐ తిరిగిపోయినందుకు వేసే చార్జీ. ఇది రెండు వైపులా పడుతుంది. అప్పిచ్చినవాడు ఒకటి వేస్తాడు, మీ ఖాతా ఉన్న బ్యాంకు ఒకటి వేస్తుంది, పైన పద్దెనిమిది శాతం జీఎస్టీ. మీకు ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే అనుకుంటున్నాను, ఎందుకంటే ఫైనాన్స్ కంపెనీల వాళ్లు నెలలో రెండు మూడు సార్లు అదే ఈఎంఐ మళ్లీ మళ్లీ కొడుతుంటారు. ఆటో డెబిట్ మాండేటు, అంటే ఈఎంఐ ఖాతాలోంచి దానంతట అదే కోసుకోమని మీరిచ్చిన అనుమతి, రద్దు చేయమని మీ బ్యాంకులో అర్జీ ఇవ్వండి, దానికి అప్పిచ్చినవాడి ఒప్పుకోలు అక్కర్లేదు. కానీ ఊరికే రద్దు చేసి కూర్చోవద్దు. చెక్కు తిరిగితే కేసు ఎలా వేస్తారో, మాండేటు తిరిగిపోయినా 2007 నాటి పేమెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద అలాగే కేసు వేయొచ్చు. అందుకని అదే రోజు అప్పిచ్చినవాడికి ఆర్డరు నకలు జతచేసి "నేను దివాలా ఆర్డరులో ఉన్నాను, మీ క్లెయిము కోర్టులో దాఖలు చేసుకోండి" అని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇప్పటికే చెక్ బౌన్సు కేసు నడుస్తుంటే మాత్రం అది క్రిమినల్ కేసు, ఐపీ ఆర్డరుతో దానంతట అది పోదు. ఆ వాయిదాలకి వెళ్లాల్సిందే.

లోను ఖాతాలో పెనాల్టీ. పెనాల్టీని వడ్డీలో కలిపి, ఆ మొత్తం మీద మళ్లీ వడ్డీ వేసే పద్ధతి రిజర్వ్ బ్యాంకు ఆపేసింది. 2023 ఆగస్టులో ఉత్తర్వులిచ్చారు, పాత లోన్లకి కూడా 2024 జూన్ 30 లోగా మారాలన్నారు. బ్యాంకు కోర్టులో వేసిన క్లెయిము కాగితంలో ఈ లెక్క చూసుకోండి. క్లెయిములో ఎక్కువ రాస్తే అభ్యంతరం చెప్పే హక్కు మీకూ, మిగతా అప్పులవాళ్లకీ ఉంది.

అన్నట్టు, పాస్‌బుక్‌లో మే నెలాఖర్లో 436, 20 రూపాయలు పోయి ఉంటే అవి చార్జీలు కావు. జీవన్ జ్యోతి, సురక్షా బీమాల ప్రీమియం. గొడవలో పడి పాత ఖాతా మూసేస్తే ఆ బీమా కూడా పోతుంది. నాలుగొందల చిల్లరకి రెండు లక్షల బీమా, ఇలాంటి సమయంలోనే ఇంటికి అది అవసరం. కొత్త ఖాతాలో మళ్లీ ఫారం నింపండి.

ఏ ఖాతా తెరవాలి అంటే బేసిక్ సేవింగ్స్ ఖాతా. మామూలు జనం జీరో బ్యాలెన్స్ ఖాతా అంటారు, జన్ ధన్ కూడా ఇందులో ఒక రకమే. కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డుకి ఏటా చార్జీ లేదు, నెలకి కనీసం నాలుగు సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు, వేయడానికి పరిమితి లేదు. ఒక బ్యాంకులో ఈ ఖాతా ఉంటే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఉంటే ముప్పై రోజుల్లో మూయాలి. సిబిల్ స్కోరు చూసి ఖాతా ఇవ్వం అంటే ఒప్పుకోకండి, ఖాతా తెరవడం అప్పు తీసుకోవడం కాదు. కౌంటరులో కుర్రాడు "మీకు మామూలు ఖాతా తెరుస్తాను సార్, మంచి కార్డు వస్తుంది" అంటాడు. వాళ్లకి టార్గెట్లుంటాయి. వద్దని ఫారం మీదే "బేసిక్ ఖాతా" అని రాయండి. ఊళ్లో సీఎస్పీ, అంటే బ్యాంకు తరఫున పనిచేసే చిన్న కేంద్రం దగ్గర తెరిచినా ఇదే ఖాతా వస్తుంది, తెరిచినందుకు డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక్కడొక ప్రమాదం ఉంది, చాలామందికి తెలియదు. జన్ ధన్ ఖాతా మీద పదివేల దాకా ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తారు. మీరు డిశ్చార్జి కాని, అంటే పాత అప్పుల నుంచి కోర్టు ఇంకా విడుదల చేయని దివాలాదారు. ఆ సంగతి చెప్పకుండా యాభై రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే 72వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు. 1920లో రాసిన యాభై రూపాయలు ఇప్పటికీ యాభై రూపాయలే. ఓవర్‌డ్రాఫ్ట్ కూడా అప్పే, ఫోనులో వచ్చే యాప్ లోనూ అప్పే, కొట్టువాడి దగ్గర సరుకు అరువు కూడా అప్పే. క్రెడిట్ కార్డు, చెక్కు పుస్తకం అడగకండి.

అప్పు లేని బ్యాంకు అన్నాను కదా, మన ప్రాంతంలో అది అనుకున్నంత తేలిక కాదు. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగువాళ్లలో ఆంధ్రా బ్యాంకు ఖాతాలు ఎక్కువ. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో ఆంధ్రా బ్యాంకులో తీసుకున్న లోను ఉండి, ఇప్పుడు పార్వతీపురం వెళ్లి యూనియన్ బ్యాంకులో ఖాతా తెరిస్తే, మీ దృష్టిలో అది వేరే బ్యాంకు, వేరే రాష్ట్రం. కంప్యూటరు దృష్టిలో ఒకే కస్టమరు నంబరు. గ్రామీణ బ్యాంకులూ అంతే. ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు, ఒడిశా గ్రామ్య బ్యాంకు 2025 మే 1 నుంచి ఒకటే, ఒడిశా గ్రామీణ బ్యాంకు. కాబట్టి బోర్డు మీద పేరు చూసి కాదు, మీ పాత లోను కాగితాల మీదున్న బ్యాంకు ఇప్పుడు దేనిలో కలిసిందో చూసి ఎంచుకోండి. సరిహద్దు దాటినంత మాత్రాన ఏదీ మారదు.

ఖాతా తెరిచాక వెంటనే చేయాల్సింది ఆధార్ లింకు. ఉపాధి కూలి, గ్యాసు సబ్సిడీ, రైతు డబ్బు ఇవన్నీ మీరు చివరగా ఏ బ్యాంకులో ఆధార్ సీడింగు చేయించారో అక్కడికే పోతాయి. కొత్త బ్యాంకులో సీడింగు సమ్మతి ఫారం ఇవ్వండి. కొన్నాళ్లకి ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి, కొత్త బ్యాంకు పేరు కనబడాలి. కేవైసీకి ఆధార్ ఇచ్చాం కదా అనుకుంటారు, అది వేరు, ఇది వేరు.

నేను దగ్గరుండి చూసిన ఒక కేసు చెబుతాను. పర్లాకిమిడిలో ఒక మాస్టారు, బావమరిది వ్యాపారానికి హామీ ఉండి తానే దివాలా దాకా వచ్చారు. జీతం ఖాతా, లోను ఒకే బ్యాంకులో. నెల మొదట్లో జీతం పడటం, సాయంత్రానికి సున్నా కావడం. ఆయన నా దగ్గరకొచ్చింది పాస్‌బుక్కు పట్టుకుని కాదు, బ్యాంకు వాళ్ల మీద పోలీసు కేసు పెట్టాలని. పోలీసు కేసు వల్ల ఒరిగేది లేదు. మేం చేసిందేమిటంటే, వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, జీతం బిల్లు చేసే డీడీఓకి ఖాతా మార్పు అర్జీ ఇచ్చాం. కింద "రిసీవరుకి సమాచారం" అని రాసి ఆయనకొక నకలు. తర్వాత నెల జీతం కొత్త ఖాతాలో పడింది. రిసీవరు తన వాటా ఎంతో చెప్పారు, మిగిలింది మాస్టారు ఇంట్లో ఖర్చుకి. పాత బ్యాంకు పట్టుకున్న జీతాల్లో ఆర్డరు తర్వాతవి తిరిగి రావడానికి మాత్రం కోర్టు అర్జీ, చాలా ఓపిక పట్టింది.

ఆ నకలు గురించి ఇంకో మాట. ఏ ఉత్తరం ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లండి. మీ కాపీ మీద బ్యాంకు గుండ్రటి సీలు, తేదీ, తీసుకున్నవాళ్ల పొట్టి సంతకం ఉండాలి. "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే పెట్టి రాకండి, పోస్టాఫీసుకి వెళ్లి రిజిస్టర్డ్ చేయండి. అర్జీ ఇంగ్లీషులో గానీ ఒడియాలో గానీ ఉంటే మంచిది. బ్రాంచిలో తెలుగు తెలిసిన గుమాస్తా ఉన్నా, భువనేశ్వర్ ఆఫీసులో ఆ ఫైలు చూసేవాడికి తెలుగు రాదు.

మీ ఆవిడ ఖాతా. హామీ సంతకం లేకపోతే అది ఆవిడ సొమ్ము. కానీ మీ సంపాదన ఆవిడ ఖాతాలో వేయించే తెలివి మాత్రం చూపొద్దు, ఆస్తి దాచారని అంటే ఏడాది దాకా శిక్ష పడే నేరం. పిటిషనుకి ముందు రెండేళ్లలో ఆవిడ పేరున ఊరికే రాసిచ్చినవి ఉంటే వాటినీ రిసీవరు రద్దు చేయించవచ్చు. హామీ సంతకం ఉంటే సంగతి మారుతుంది. మీరు డిశ్చార్జి అయినా హామీదారు బాధ్యత పోదు, చట్టంలోనే అలా ఉంది. అదే బ్యాంకులో ఆవిడకి సుభద్ర, అంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే పథకం డబ్బు పడుతుంటే, ఏటా రెండు విడతలుగా వచ్చే ఆ ఐదేసి వేలు కూడా హోల్డులో ఇరుక్కోవచ్చు. ఆవిడకీ అప్పు లేని బ్యాంకులో ఒంటరి ఖాతా, కొత్త సీడింగు చేయించండి. సుభద్రకి జాయింటు ఖాతా పనికిరాదు కూడా.

బంగారం తాకట్టు ఉందా లేదా మీరు చెప్పలేదు. ఉంటే తెలుసుకోండి, తాకట్టు ఉన్న బ్యాంకు హక్కు దివాలాతో పోదు, అది వేలం వేసుకోగలదు. గోల్డ్ లోను తీర్చినా, అదే బ్యాంకులో వేరే బాకీ ఉందని నగలు ఇవ్వకుండా ఆపడం కూడా చూశాను.

బ్యాంకు జవాబివ్వకపోతే, ఇచ్చినది సరిగా లేకపోతే, ఫిర్యాదు ఇచ్చిన ముప్పై రోజుల తర్వాత బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు. అక్కడ రాసేటప్పుడు మీ కష్టాల కథ వద్దు. చార్జీ పేరు, తేదీ, మొత్తం, ఏ నియమానికి విరుద్ధం, ఇదే క్రమంలో రాయండి. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిది లోపు, రాత్రి ఏడు దాటాక ఫోను చేస్తుంటే అది కూడా అందులోనే రాయొచ్చు. కోర్టులో నడుస్తున్న అప్పు మొత్తం గురించి మాత్రం అక్కడ అడగకండి, పక్కన పెట్టేస్తారు.

మీరు అడగని విషయం ఒకటి చివర్లో అడుగుతాను. దివాలా ఆర్డరులో డిశ్చార్జికి ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో గడువు రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే ఆర్డరే రద్దవుతుంది, అప్పులవాళ్లంతా మళ్లీ వీధిలోకి వస్తారు, పైన చెప్పిన రక్షణలేవీ ఉండవు. మన వైపు ఐపీలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. ఆర్డరు రాగానే అంతా అయిపోయిందనుకుని వకీలు దగ్గరకి వెళ్లడం మానేస్తారు. డిశ్చార్జి వచ్చాక దాని సర్టిఫైడ్ నకలు ప్రతి బ్యాంకుకీ ఇచ్చి, సిబిల్ లాంటి నాలుగు సంస్థల రిపోర్టులు తెప్పించి చూసుకోవాలి. ఏడాదికొకసారి ఉచితమే. తప్పుంటే ఫిర్యాదు చేయండి, ముప్పై రోజుల్లో సరిచేయకపోతే రోజుకి వంద రూపాయల పరిహారం ఇవ్వాలి.

ఆర్డరు కాగితం తీసి ఆ గడువు తేదీ ఏమని ఉందో చూడండి. మీ లోన్లున్న బ్యాంకుల పేర్లు కూడా చెబితే, ఏ బ్యాంకులో ఖాతా తెరవాలో చూసి చెబుతాను.